46 వేల ఏళ్ల గుహల్ని చట్టప్రకారమే ఎలా పేల్చగలిగారు?

మీరు ఒకే ప్రశ్నలో మూడు ప్రశ్నలు అడిగారు. పశ్చిమ ఆస్ట్రేలియాలోని జూకన్ గార్జ్‌లో 46 వేల ఏళ్ల నాటి ఆనవాళ్లున్న గుహల్ని రియో టింటో గనుల కంపెనీ పేల్చేస్తే ఒక్కరి మీదా కేసు ఎందుకు పడలేదు? ముందే కోర్టుకెళ్తే ఆగేది కాదా? ఒడిశాలోని నియమగిరి కొండల్లో డోంగ్రియా కోందు ఆదివాసులు వేదాంతా కంపెనీ గనిని ఆపగలిగినప్పుడు ఆస్ట్రేలియా ఆదివాసులు ఎందుకు ఆపలేకపోయారు? చివర్లో అక్కడి ఇనుప ఖనిజం ప్రాంతం పిల్బరాలో గని ప్లానింగ్ ఉద్యోగంలో చేరబోతున్నానని, ఏం చూసుకోవాలో చెప్పమని కూడా రాశారు. దానికి చివర్లో వస్తాను.

పెర్త్‌లో చాలాకాలంగా గనుల అనుమతుల పని చేస్తున్నాను. ఎక్కువగా కంపెనీల తరఫున, కొంతకాలం ఒక ఆదివాసీ కార్పొరేషన్ తరఫున. లాయర్ని కాను, లాయర్లు వాడే ఫైళ్లు తయారుచేసేవాణ్ణి. ఆ కోణం నుంచే చెప్తాను.

ముందు చిన్న జవాబు. ఈ తగాదాల్లో "ఆ చోటు పవిత్రమా, కాదా" అన్నది అసలు ప్రశ్న కావడం అరుదు. జూకన్ విలువైనది కాదని రియో టింటో కూడా అనలేదు. ఫైలు మీద సంతకం ఎవరిది, సంతకం పడ్డాక దాన్ని ప్రశ్నించే హక్కు ఎవరికుంది అన్న రెండే ఫలితాన్ని తేలుస్తాయి. పశ్చిమ ఆస్ట్రేలియాలో 2020 నాటికి సంతకం మంత్రిది, అప్పీలు హక్కు భూమి "ఓనర్"ది. మైనింగ్ లీజు ఉన్న కంపెనీ కూడా ఆ చట్టం లెక్కలో ఓనరే. ఆదివాసులు ఆ రెండు చోట్లా లేరు.

ఇప్పుడు వివరంగా.

పశ్చిమ ఆస్ట్రేలియా చట్టం పేరు ఆబొరిజినల్ హెరిటేజ్ యాక్ట్, 1972. అందులో సెక్షన్ 17 ప్రకారం ఆదివాసీ స్థలాన్ని పాడుచేయడం నేరం. చదివితే గట్టి చట్టంలాగే ఉంటుంది. పక్కనే సెక్షన్ 18 ఉంది. స్థలాన్ని పాడుచేయక తప్పదనుకుంటే ఓనర్ దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఒక కమిటీ పరిశీలించి సిఫారసు చేస్తుంది, మంత్రి "సమాజ సాధారణ ప్రయోజనం" చూసి నిర్ణయిస్తాడు. అనుమతి వచ్చిందంటే సెక్షన్ 17 కింద నేరం లేనట్టే. మంత్రి కాదంటే ఓనర్ ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. మంత్రి సరేనంటే ఆ చోటు తమదనే ఆదివాసులకు వెళ్లే చోటు లేదు. 2010 తర్వాతి పదేళ్లలో మైనింగ్ లీజుల మీద వచ్చిన సెక్షన్ 18 దరఖాస్తులు 463. తిరస్కరించింది ఒక్కటి. మా ఆఫీసుల్లో ఈ దరఖాస్తు వస్తుందా రాదా అని ఎవరూ అడిగేవాళ్లు కాదు, ఎప్పుడొస్తుందని అడిగేవాళ్లు. ప్రాజెక్టు షెడ్యూల్లో అదొక తేదీ, అంతే.

జూకన్ విషయంలో ఆ తేదీ 2013. బ్రాక్‌మన్ 4 ఇనుప ఖనిజం గని విస్తరణకు రియో టింటో ఆ ఏడాది సెక్షన్ 18 అనుమతి తెచ్చుకుంది. ఆ నేల పూటు కుంటి కుర్రామ, పినికుర ప్రజలది. ఇకపై పీకేకేపీ అంటాను, అక్కడ అందరూ అలాగే అంటారు. 2014లో, అంటే అనుమతి చేతికొచ్చాక, పేల్చేలోగా దొరికినవి భద్రపరుద్దామని పురావస్తు తవ్వకం చేశారు. 7 వేలకు పైగా వస్తువులు బయటపడ్డాయి. 28 వేల ఏళ్ల నాటి కంగారూ ఎముక పనిముట్టు ఒకటి. మనుషుల జుట్టుతో అల్లిన 4 వేల ఏళ్ల నాటి పేట ఒకటి, దాని డీఎన్‌ఏ ఇప్పుడున్న పీకేకేపీ మనుషులతో సరిపోయింది. ఇలాంటి ఆధారం ప్రపంచంలో ఎక్కడ దొరికినా వార్తే. అయితే చట్టం దృష్టిలో అప్పటికే ఫైలు మూసేశారు. అనుమతి ఇచ్చాక కొత్త విషయం బయటపడితే దాన్ని మళ్లీ తెరవాలని 1972 చట్టంలో ఎక్కడా లేదు. ఎక్కువ మంది గమనించని లోపం ఇది. నా దృష్టిలో జూకన్‌ను పేల్చింది ఈ లోపమే.

కంపెనీ దగ్గర గని డిజైన్లు నాలుగున్నాయి. మూడింటిలో గుహలు మిగిలేవి. నాలుగోది ఎంచుకున్నారు. దాంతో అదనంగా దక్కేది సుమారు 80 లక్షల టన్నుల మేలురకం ఖనిజం, విలువ 13.5 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల దాకా. ఈ నాలుగు దారుల సంగతి పీకేకేపీ వాళ్లకు చెప్పలేదని తర్వాత పార్లమెంటు విచారణలో తేలింది. మీరు చేరబోయేది ప్లానింగ్‌లో కాబట్టి ఇది మీకు మిగతా అందరికంటే బాగా అర్థమవుతుంది. పిట్ డిజైన్ ఫైనల్ చేసే రోజున ఆ గదిలో కూర్చున్నవాళ్ల ముందు టన్నులూ గ్రేడూ ఉంటాయి, గుహ ఒక హద్దు గీతగా ఉంటుంది. గీతను జరపడానికి అనుమతి ఉందంటే జరుపుతారు.

2020 మే 15న పీకేకేపీ వాళ్లకు సంగతి తెలిసింది, అది కూడా వేరే పని మీద. జులైలో జరిగే నేడాక్ వారోత్సవాలకు (ఆదివాసీ సంస్కృతి ఉత్సవాలు) ఆ గుహలు చూసొస్తామని అడిగితే పేల్చబోతున్నామని జవాబొచ్చింది. అప్పటికే రంధ్రాల్లో మందు నింపేశారు. తీయడం ప్రమాదమన్నారు. లాయర్లు ఫెడరల్ (మన లెక్కలో కేంద్ర) మంత్రుల కార్యాలయాలకు ఫోన్లు చేశారు. మే 24న పేల్చేశారు.

"స్టే ఎందుకు తేలేదు" అని మీరు అడుగుతారు, అందరూ అడిగేదే. ఒకటి, స్టే అడగాలంటే ఒక చట్టపరమైన హక్కుకు భంగం కలిగినట్టు చూపాలి. రాష్ట్ర చట్టం కింద అనుమతి పక్కాగా ఉంది. రెండు, కంపెనీతో వాళ్లు ముందే చేసుకున్న ఒప్పందం. నేటివ్ టైటిల్ అంటే ఆదివాసులకు తమ నేల మీద తరతరాలుగా ఉన్న హక్కు. ఆ చట్టం కింద జరిగే ఇలాంటి ఒప్పందాల్లో రాయల్టీలు, ఉద్యోగాలతో పాటు ప్రాజెక్టును వ్యతిరేకించకూడదని, కంపెనీకి చెప్పకుండా బయట మాట్లాడకూడదని షరతులుండేవి. ఇక్కడ వీటిని గ్యాగ్ క్లాజులంటారు. సంతకం పెట్టకుండా ఉండొచ్చుగా అనకండి. 1993 నేటివ్ టైటిల్ చట్టం ఇచ్చేది చర్చించే హక్కు, వద్దనే హక్కు కాదు. ఆరు నెలలు మాట్లాడుకోవాలి, తెగకపోతే ట్రిబ్యునల్‌కు పోతుంది. ట్రిబ్యునల్ దాదాపు ఎప్పుడూ లీజుకే మొగ్గుతుంది. 2009లో మార్టు ప్రజల సరస్సు విషయంలో మొదటిసారి కాదంది. అప్పట్లో దాన్ని లేక్ డిసప్పాయింట్‌మెంట్ అనేవాళ్లు, ఇప్పుడు పేరు కుంపుపింటిల్. ఆ చట్టం వచ్చి అప్పటికి పదిహేనేళ్లు దాటింది. ఆ పరిస్థితిలో బల్లకు అటువైపు కూర్చున్నవాడు ఏం చేస్తాడు? వచ్చినంత రాబట్టుకుని సంతకం పెడతాడు. కంపెనీ తరఫున ఆ బల్ల దగ్గర నేనూ కూర్చున్నాను. అటువైపు వాళ్లకు లేచి వెళ్లిపోయే వీలు లేదని మాకు తెలుసు, వాళ్లకూ తెలుసు.

దీనికి పూర్తి వ్యతిరేకం నార్తర్న్ టెరిటరీ. అక్కడ 1976 నాటి ఫెడరల్ భూమి హక్కుల చట్టం కింద ఆదివాసీ భూమిలో అన్వేషణకే వాళ్లు వద్దనవచ్చు. పవిత్ర స్థలాలకు 1989 చట్టం వేరే ఉంది. దాన్ని నడిపే సంస్థ బోర్డులో 12 మంది ఉంటే 10 మంది ఆదివాసీ సంరక్షకులే, ఆడా మగా సమానంగా. టెన్నంట్ క్రీక్ ఉత్తరాన బూటు క్రీక్ మాంగనీస్ గనిలో "ఇద్దరు స్త్రీలు కూర్చున్న చోటు" అని పిలిచే స్థలంలో కొంత భాగం 2011లో కూలిపోయింది. 2013లో ఓఎం మాంగనీస్ కంపెనీకి కోర్టు లక్షన్నర డాలర్ల జరిమానా వేసింది. మొత్తం ఆస్ట్రేలియాలో పవిత్ర స్థలాన్ని అపవిత్రం చేసినందుకు ఒక కంపెనీకి శిక్ష పడటం అదే మొదలు. గనికి లక్షన్నర చిల్లర డబ్బే అనుకోండి. అయినా అదొక నేరంగా రికార్డుకెక్కింది. జూకన్‌లో పోయింది అంతకంటే ఎన్నో రెట్లు పెద్దది, రికార్డులో మాత్రం నేరమేమీ లేదు. దేశం ఒకటే, గనుల తీరూ ఒకటే, హద్దు దాటితే చట్టం వేరు.

ఇక కోర్టుల సంగతి. మన దగ్గర రిట్ వేయడం ఎలాగో తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. మంత్రి నిర్ణయం మీద కోర్టుకెళ్తే ఆ నిర్ణయం మంచిదా చెడ్డదా అని జడ్జి చూడడు, తీసుకున్న పద్ధతి సరిగ్గా ఉందా అని చూస్తాడు. నోటీసు సరిగ్గా ఇచ్చారా, చూడాల్సిన కాగితాలన్నీ చూశారా, చట్టంలో మాటకు అర్థం సరిగ్గా చెప్పుకున్నారా. ఈ పరీక్షలో ఆదివాసులు గెలిచిన కేసులూ ఉన్నాయి. వాటిలో నాకు బాగా నచ్చింది పోర్ట్ హెడ్లాండ్ కేసు. పశ్చిమ ఆస్ట్రేలియా కమిటీ ఒక దశలో "పవిత్ర స్థలం అంటే అక్కడ మతపరమైన కార్యకలాపం జరుగుతుండాలి, కథలోనో పాటలోనో ఉన్నంత మాత్రాన చాలదు" అనే అర్థం పట్టుకుని చాలా స్థలాల్ని రిజిస్టరు నుంచి తీసేసింది. 2015లో రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జి చేనీ ఆ అర్థం తప్పని కొట్టేశాడు. కమిటీ పెట్టిన ఆ కొలతతో కొలిస్తే నియమగిరి కూడా నిలిచేదో లేదో. అక్కడ గుడి కట్టి పూజలు చేయరు, కొండే నియమరాజు.

ఓడిన కేసులు చూస్తే పద్ధతి అన్నదాని పరిమితి తెలుస్తుంది. న్యూ సౌత్ వేల్స్‌లో షెన్‌హువా వాటర్‌మార్క్ బొగ్గుగని. గొమెరాయ్ ప్రజలు 1984 నాటి ఫెడరల్ వారసత్వ రక్షణ చట్టం, సెక్షన్ 10 కింద రక్షణ అడిగారు. పర్యావరణ మంత్రి సూసన్ లే ఆ స్థలాలకు విలువుందని ఒప్పుకున్నారు. గని వల్ల వచ్చే ఆర్థిక లాభం అంతకంటే ఎక్కువన్నారు. 2020 జులైలో ఫెడరల్ కోర్టు మంత్రికి అలా తూచే అధికారం ఉందంది. కేసు పోయింది. మరుసటి ఏడాది న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం కంపెనీకి 10 కోట్ల డాలర్లిచ్చి ఆ ప్రాజెక్టును వెనక్కి తీసుకోమంది. స్థలాలు మిగిలాయి. మిగిలింది తీర్పు వల్ల కాదు. అక్కడి రైతులు, నల్లరేగడి నేల, ఎన్నికల లెక్కలు, వీటన్నిటి వల్ల.

ఆ 1984 చట్టం గురించి కాస్త చెప్పాలి. రాష్ట్రాలు చేతులెత్తేసినప్పుడు చివరి ఆసరాగా ఫెడరల్ మంత్రి ఆపేలా దాన్ని రాశారు. కాగితం మీద అది మన నియమగిరి తీర్పు కంటే బలమైనది. మంత్రి ఒక్క ప్రకటనతో ఏ ప్రాజెక్టునైనా ఆపగలడు. 1992లో అప్పటి మంత్రి రాబర్ట్ టిక్నర్ ఆలిస్ స్ప్రింగ్స్ దగ్గర వరద నియంత్రణ డ్యామును 20 ఏళ్లపాటు నిషేధించి చూపించాడు కూడా. తర్వాత వచ్చిన మంత్రులు దాన్ని ముట్టుకోవడానికే జంకారు. ఎందుకంటే హిండ్‌మార్ష్ ద్వీపం.

దక్షిణ ఆస్ట్రేలియాలో మర్రీ నది సముద్రంలో కలిసే చోట గూల్వా అనే ఊరు. ఎదురుగా హిండ్‌మార్ష్ ద్వీపం, న్గారిన్‌జెరి ప్రజలకు కుమరంక్. అక్కడ మరీనా (పడవల రేవు) కట్టుకున్న చాప్‌మన్ కుటుంబానికి వంతెన కావాలి. ఆ నీళ్లకు, ఆ ద్వీపానికి తమ ఆడవాళ్ల ఆచారాలతో సంబంధం ఉందని, అది మగవాళ్లకు చెప్పకూడనిదని న్గారిన్‌జెరి స్త్రీలు కొందరు అన్నారు. డోరీన్ కార్టిన్యెరి వాళ్లలో ముఖ్యురాలు. ఆ విషయాన్ని ఒక మహిళా ఆంత్రోపాలజిస్టు నివేదికకు జతగా కవర్లలో పెట్టి, స్త్రీలు మాత్రమే చదవాలని రాసి టిక్నర్‌కు పంపారు. ఆయన చదవలేదు, తన ఆఫీసులో ఒక మహిళ చదివింది. 1994 జులైలో వంతెనను 25 ఏళ్లు నిషేధించాడు.

అసలు చిక్కు ఇక్కడే. చట్టం అడిగేది సాక్ష్యం. ఆచారం చెప్పేది గోప్యత. గోప్యత తీసేస్తే ఆచారం చెడుతుంది, ఉంచితే సాక్ష్యం చెల్లదు. ఫెడరల్ కోర్టు 1995 ఫిబ్రవరిలో నిషేధాన్ని కొట్టేసింది. నిర్ణయం తీసుకునే మంత్రి తనకు వచ్చిన వినతుల్ని తానే పరిశీలించాలి కదా, చదవని కవర్ల మీద ఎలా నిర్ణయించాడు అన్నది అందులో ఒక కారణం. అదే సంవత్సరం మార్చిలో ప్రతిపక్ష నాయకుడొకరు, ఇయన్ మెక్‌లాక్లన్, పొరపాటున తన ఆఫీసుకు చేరిన ఆ రహస్య పత్రాల వ్యవహారంలో షాడో మంత్రి పదవి (ప్రతిపక్షం తరఫున ఒక శాఖను చూసే బాధ్యత) పోగొట్టుకున్నాడు. తమకు అలాంటి ఆచారమేదీ తెలియదని వేరే న్గారిన్‌జెరి స్త్రీలు కొందరు బయటికొచ్చారు. రాష్ట్ర ప్రభుత్వం రాయల్ కమిషన్, అంటే విచారణ కమిషన్, వేసింది. రహస్యం నిజమన్న స్త్రీలు దాని ముందు సాక్ష్యం చెప్పడానికి ఒప్పుకోలేదు. కమిషన్ మొత్తం కట్టుకథ అని తేల్చింది. పత్రికలు పండగ చేసుకున్నాయి.

ఆ తర్వాత ఫెడరల్ ప్రభుత్వం ఒక మహిళా జడ్జి, జేన్ మాథ్యూస్, చేత మళ్లీ నివేదిక రాయించబోయింది. జడ్జిగా ఉంటూ మంత్రికి నివేదిక రాయడం కుదరదని 1996లో హైకోర్టు ఆ నియామకాన్నే కొట్టేసింది. (ఆస్ట్రేలియాలో హైకోర్టే అన్నిటికంటే పైది, మన సుప్రీంకోర్టు లాంటిది. ఈ సంగతి తెలియక చాలామంది తికమకపడతారు.) చివరికి 1997లో పార్లమెంటు ఒకే ఒక్క వంతెన కోసం ఒక చట్టం చేసింది. ఈ వంతెనకు మాత్రం 1984 రక్షణ చట్టం వర్తించదని. కార్టిన్యెరి హైకోర్టుకెళ్లింది. 1967 రెఫరెండంలో ప్రజలు ఆదివాసుల మేలు కోసమే కదా పార్లమెంటుకు ఆ అధికారం ఇచ్చారు, వాళ్లకు నష్టం చేయడానికి ఎలా వాడతారు అన్నది వాదన. 1998లో మెజారిటీ జడ్జీలు చట్టం చెల్లుతుందన్నారు. ఇచ్చిన రక్షణను పార్లమెంటు వెనక్కి తీసుకోవచ్చు అన్నది వాళ్ల తర్కం. జడ్జి కిర్బీ ఒక్కరే విభేదించారు. ఆ తీర్పు మొత్తం చదవలేకపోయినా ఆయన భాగమైనా చదవండి.

వంతెన 2001 మార్చిలో తెరిచారు. అదే ఏడాది ఆగస్టులో, చాప్‌మన్ కుటుంబం నష్టపరిహారం కోరుతూ వేసిన సివిల్ కేసులో ఫెడరల్ కోర్టు జడ్జి వాన్ డౌసా రెండు పక్షాల సాక్ష్యమూ పూర్తిగా విని, ఆ ఆచారం కల్పన అని తాను నమ్మడం లేదన్నాడు. కమిషన్ ముందు నోరు విప్పని స్త్రీలు ఆయన ముందు మాట్లాడారు. అప్పటికి వంతెన మీద కార్లు తిరుగుతున్నాయి. 2010లో దక్షిణ ఆస్ట్రేలియా ప్రభుత్వం కూడా ఆ స్త్రీల మాటను గుర్తించింది. కార్టిన్యెరి అప్పటికి మూడేళ్ల కిందే చనిపోయింది.

ఇంత వివరంగా ఎందుకు రాశానంటే, ఆ తర్వాత ఫెడరల్ మంత్రి దగ్గరికి సెక్షన్ 10 దరఖాస్తు వచ్చిన ప్రతిసారీ ఆఫీసర్ల మనసులో మెదిలేది ఈ కేసే. 2024 ఆగస్టులో అప్పటి పర్యావరణ మంత్రి తాన్యా ప్లిబర్‌సెక్ న్యూ సౌత్ వేల్స్‌లో బ్లేనీ దగ్గర మెక్‌ఫిలమీస్ బంగారు గని వ్యర్థాల డ్యాము రావాల్సిన చోట, బెలూబులా నది పుట్టే ప్రాంతాన్ని సెక్షన్ 10 కింద రక్షించినప్పుడు పాత గొడవే మళ్లీ లేచింది. విరాడ్యూరి పెద్దల బృందం ఒకటి రక్షణ కోరింది. స్థానిక ఆదివాసీ భూమి మండలి మాత్రం ఆ నిషేధాన్ని సమర్థించలేదు. గని కంపెనీ రీజిస్ రిసోర్సెస్ ఫెడరల్ కోర్టుకెళ్లింది. ఎవరి మాట అసలైన ఆదివాసుల మాట అని పత్రికలు అడిగాయి. ఈ ప్రశ్న వేసేవాళ్లను నేను ఒకటే అడుగుతాను. మన ఊళ్లో చెరువు శిఖం గురించి ఊరంతా ఒకే మాట మీద ఎప్పుడైనా ఉందా? ఊరు చీలిందని చెరువు పూడ్చేయమనం కదా.

అయితే రెండో వైపు కూడా నిజాయితీగా చెప్పాలి. రక్షణ అడిగేవాళ్ల పక్షాన ఉన్న నిపుణులు సాక్ష్యాన్ని చెడగొట్టిన సందర్భాలున్నాయి. ఉత్తర సముద్రంలో తివి దీవుల దగ్గర శాంటోస్ కంపెనీ బరోసా గ్యాస్ ప్రాజెక్టు చూడండి. 2022లో మునుపి తెగ పెద్ద డెనిస్ టిపకలిప్పా తమను సంప్రదించకుండానే డ్రిల్లింగ్‌కు అనుమతి ఇచ్చారని గెలిచాడు, అప్పీల్లోనూ నిలిచింది. సముద్రానికీ మనుషులకూ ఉన్న సంబంధాన్ని కోర్టు గుర్తించిన గొప్ప తీర్పది. రెండేళ్లు తిరక్కుండానే, 2024 జనవరిలో, పైప్‌లైన్ మీద వేసిన వేరే కేసులో జడ్జి చార్ల్స్‌వర్త్ రక్షణ పక్షం నిపుణుడు తయారుచేసిన సాంస్కృతిక పటాన్ని నమ్మలేనన్నారు. జనం చెప్పినదానికీ పటంలో గీసినదానికీ పొంతన లేదన్నది సారాంశం. కేసు పోవడమే కాదు, వాదించిన న్యాయ సంస్థ శాంటోస్‌కు 90 లక్షల డాలర్ల ఖర్చులు కట్టాల్సి వచ్చింది. ఇలాంటి కేసు ఒకటి పోతే దాని తర్వాత వచ్చే పది నిజమైన కేసుల గొంతు తగ్గుతుంది.

ఖర్చుల మాట వచ్చింది కాబట్టి మనవాళ్లకు తెలిసిన పేరు ఒకటి. క్వీన్స్‌లాండ్‌లో అదానీ కార్మైకేల్ బొగ్గుగనిని వాంగన్, జగలింగౌ ప్రజల్లో ఒక వర్గం ఏళ్ల తరబడి కోర్టుల్లో ఎదిరించింది. ఓడిపోయాక కోర్టు ఖర్చులు కట్టలేదని 2019లో అదానీ వాళ్ల నాయకుడు ఏడ్రియన్ బురగుబ్బాను దివాలా తీయించింది. ఆ ఏడాది ఆగస్టులో ప్రభుత్వం గని ప్రాంతంలో 1,385 హెక్టార్ల మీద నేటివ్ టైటిల్‌ను రద్దు చేసింది. హైదరాబాద్‌లో నా స్నేహితులు దీన్ని కంపెనీ దౌర్జన్యం అంటారు. ఆస్ట్రేలియా కంపెనీ అయినా అదే చేసేది, చట్టం ఆ వీలు ఇస్తోంది.

ఇప్పుడు నియమగిరి. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు "తవ్వొద్దు" అనలేదు. చాలామంది అలా అనుకుంటారు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం ఆ కొండ మీద సాంస్కృతిక, మతపరమైన హక్కులున్నాయో లేవో గ్రామసభలు తేల్చాలంది. రాయగడ, కలహండి జిల్లాల్లో ఎంపిక చేసిన 12 ఊళ్లలో 12 గ్రామసభలూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్రం అనుమతి నిరాకరించింది. మళ్లీ గ్రామసభలు పెట్టించాలని ఒడిశా మైనింగ్ కార్పొరేషన్ 2016లో అడిగితే సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. తేడా ఏమిటంటే అక్కడ సంతకం చేతులు మారింది. మంత్రి చేతిలోంచి ఊరి చేతికి. జూకన్‌లో పీకేకేపీ వాళ్లకు అలాంటి సభే దొరికుంటే ఫలితం ఏమయ్యేదో చెప్పడానికి నిపుణులు అక్కర్లేదు.

ఇలా అన్నానని మన దగ్గర అంతా బాగుందనుకోకండి. అనంతగిరి మండలంలో గనుల లీజుల మీద 1997లో వచ్చిన సమత తీర్పు షెడ్యూల్డు ప్రాంతాల్లో ప్రైవేటు వాళ్లకు లీజులివ్వడం చెల్లదన్నాక కూడా ఆ చుట్టుపక్కల కొండల బాక్సైట్ కోసం ప్రభుత్వాలు ఎన్ని దారులు వెతికాయో విశాఖ మన్యం వాళ్లనడగండి. గ్రామసభ తీర్మానాలు రాత్రికి రాత్రి రాసేసిన కథలు మీకూ తెలుసు. నియమగిరి గెలిచింది చట్టం, కోర్టు, కొండ మీద జనం మూడూ ఒకే రోజుల్లో ఒకేవైపు ఉన్నందువల్ల. అది ప్రతిసారీ కుదరదు.

జూకన్ తర్వాత ఏం మారింది? రియో టింటో సీఈఓ జాన్ సెబాస్టియన్ జాక్‌తో పాటు మరో ఇద్దరు పెద్దలు పదవులు వదిలారు, తర్వాత చైర్మన్ కూడా. పార్లమెంటు కమిటీ 2021 అక్టోబరులో తుది నివేదిక ఇచ్చింది. పశ్చిమ ఆస్ట్రేలియా 2021లో కొత్త చట్టం చేసి 2023 జులై 1న అమల్లోకి తెచ్చింది. 1,100 చదరపు మీటర్లు, మన లెక్కలో సుమారు 1,300 గజాలు, దాటిన స్థలంలో నేలను కదిలించే పనులకు వరుస అనుమతులు. రైతులు గగ్గోలు పెట్టారు. కంచె గుంజ పాతడానికి కూడా పర్మిషనా అని వాట్సాప్‌లో తిరిగిన సగం కథలు అబద్ధాలే. అయితే ప్రభుత్వం ఆ చట్టాన్ని జనానికి అర్థమయ్యేలా చెప్పలేకపోయిన మాట కూడా నిజం. ఐదారు వారాలు తిరిగేసరికి, ఆగస్టు 8న, ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) రోజర్ కుక్ దాన్ని రద్దు చేస్తున్నామన్నారు. ఆ నవంబరు నుంచి మళ్లీ 1972 చట్టమే, సవరణలతో.

సవరణలు తక్కువవి కావు. నేటివ్ టైటిల్ ఉన్నవాళ్లకు ఇప్పుడు ట్రిబ్యునల్‌కు వెళ్లే హక్కుంది. అనుమతి వచ్చాక కొత్త సమాచారం బయటపడితే కంపెనీ మంత్రికి చెప్పి తీరాలి, మంత్రి అనుమతిని మార్చవచ్చు, వెనక్కి తీసుకోవచ్చు. 2014 తవ్వకం ఇవాళ జరిగుంటే ఆ ఫైలు మళ్లీ తెరవాల్సి వచ్చేది. కానీ రాష్ట్రానికి ముఖ్యమైనదంటూ ప్రీమియర్ ఏ దరఖాస్తునైనా తన దగ్గరికి తెప్పించుకోవచ్చు. ఆఖరి సంతకం ఇంకా ప్రభుత్వానిదే. నా మాట అడిగితే, 1980లో నూన్‌కన్‌బా దగ్గర ప్రీమియర్ చార్ల్స్ కోర్ట్ పోలీసుల కాపలాతో చమురు రిగ్గును పంపిన రోజు నుంచి ఈ రాష్ట్రంలో తేలనిది ఈ ఒక్క విషయమే. అన్నట్టు, అక్కడ చమురు పడలేదు.

ఇక మీ ఉద్యోగం. చేరిన మొదటి నెలలో మూడు పనులు చేయండి. మీ పిట్‌కు వర్తించే సెక్షన్ 18 అనుమతి కాగితం తెప్పించుకుని తేదీ చూడండి. 2023 నవంబరుకు ముందుదైతే దానికి జతచేసిన సర్వే నివేదిక ఏ సంవత్సరానిది, తర్వాత ఇంకో సర్వే జరిగిందా, జరిగితే కొత్త విషయం ఏమైనా తేలిందా, తేలితే మంత్రికి చెప్పారా అని హెరిటేజ్ టీమును రాతపూర్వకంగా అడగండి. మాటల్లో అడిగితే జవాబు గాల్లో కలుస్తుంది. రెండోది, పిట్ డిజైన్ సమావేశానికి వేరే దారుల లెక్కలు కూడా తీసుకెళ్లండి. గుహనో చెట్టునో వదిలేస్తే ఎన్ని టన్నులు పోతాయో అంకె ముందే ఉంటే దాని గురించి కనీసం చర్చ జరుగుతుంది.

మూడోది అందరూ పొరబడేది. ప్రభుత్వ వెబ్‌సైటులో హెరిటేజ్ స్థలాల మ్యాపు ఉంది, ఎవరైనా చూడొచ్చు. మీ లీజు మీద చుక్కలేవీ లేకపోతే అక్కడేమీ లేదనుకోకండి. కొన్ని స్థలాల హద్దులు గోప్యత కోసం కావాలనే పెద్ద చతురస్రంగా చూపిస్తారు. కొన్ని నమోదుకు వచ్చి పరిశీలనలో ఉంటాయి. కొన్నిటిని ఎవరూ సర్వేయే చేయలేదు. రిజిస్టరులో ఉన్నా లేకపోయినా సెక్షన్ 17 వర్తిస్తుంది. కాబట్టి మ్యాపు ఖాళీగా ఉందని డోజరు పంపమనే సూపర్‌వైజర్ ఎదురైతే, ఆ నేల తాలూకు ట్రెడిషనల్ ఓనర్లతో, అంటే అక్కడి ఆదివాసులతో, సర్వే అయిందా, అయితే ఆ నివేదిక నంబరు ఎంత అని అడిగి, నంబరు వచ్చేదాకా మీ ప్లాను మీద సంతకం పెట్టకండి.